నాలుగు గీతల తిప్ప

ఆశ్వయుజ బహుళ తదియ
పోటు: గుంజ మీద మూడో గాటు దాకా. నీటి మర: పన్నెండు బిందెలు. పటం: తడి లేదు, చెద లేదు.

మామూలుగా ఈ మూడూ రాస్తే ఆ రోజుకి నా పని అయిపోయినట్టే. పదిహేనేళ్ళుగా ఇవే రాసి మా పటందార్ల సంఘానికి పంపుతున్నాను. అక్కడ ఎవరైనా చదువుతున్నారని నాకు నమ్మకం లేదు. ఇవాళ మాత్రం పేజీ నింపాల్సిన పని పడింది.

మా నత్తలతిప్పలో సభ జరిగింది. సభ అంటే దాలమ్మత్త ఇంటి కింద, గుంజల మధ్య, ముప్ఫై ఒక్క గడపల వాళ్ళూ బురదలో పీటలు వేసుకుని కూర్చోవడమే. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మా మర లోపలి జల్లెడ చిరిగిపోయింది. అలాంటి జల్లెడలు చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరని పెద్ద పడవల వాళ్ళు తేల్చి చెప్పారు. రోజుకింత తగ్గుతూ నెల తిరిగేసరికి మర ఆగిపోతుంది. ఈలోపు బావి ఉన్న మెరక చూసుకుని అందరం తరలిపోవాలి.

బావి ఎక్కడుందో చెప్పగలిగింది పటం ఒక్కటే. పైనుంచి దారి చెప్పే పెట్టెలు మా అమ్మమ్మ కాలంలోనే మూగబోయాయి. ఎగువన ఆనకట్ట తెగాక నది తన పాత పాయలన్నీ వెతుక్కుంటూ వచ్చేసింది. దాంతో కొత్త పటాలు పొయ్యిలోకి పోయి, ఆనకట్టకి ముందు దొరల కాలంలో గొలుసులు లాగి కొలిచిన పాత పటానికి మళ్ళీ బతుకొచ్చింది. ఆ అచ్చు కాగితాలు కూడా ఎప్పుడో చెదల పాలయ్యాయి. మిగిలినవి పటందార్లు చేత్తో గీసిన నకళ్ళే.

నా పటంలో ఆగ్నేయం మూల తాటితిప్ప ఉంది. ఎత్తు పంతొమ్మిది అడుగులు, నాలుగు తాటిచెట్లు, పక్కన బావి గుర్తు. దారిలో ఇసుక మేట ఒకటి అడ్డం. పౌర్ణమి పోటుకో అమావాస్య పోటుకో తప్ప దాని మీద పడవ తేలదు. పౌర్ణమి దాటిపోయింది కాబట్టి ముందుగా వెళ్ళి చూసి రావడానికి లేదు. వచ్చే అమావాస్య దాటితే తుఫాన్ల రోజులు. అంటే మాకున్నది ఒక్క పోటు.

తీరా వెళ్ళాక తిప్ప లేకపోతే ఏం చేస్తామని వెనక నుంచి ఎవరో అడిగారు. నేను పటం మీద చెయ్యి పెట్టి లేచాను.

"ఇది మా పెదనాన్న నా చేతికిచ్చిన పటం. దీన్ని నమ్మి మీ పసిబిడ్డల్ని పడవెక్కించండి" అన్నాను.

పెదనాన్న బంగారయ్య కంబాలతిప్ప నుంచి ఈ సభ కోసమే వచ్చాడు. యాభై ఏళ్ళు పటందారుగా చేసినవాడు, నాకు గీత నేర్పినవాడు. రెండు కళ్ళకీ పొరలు కమ్మి ఇప్పుడు ఏమీ కనిపించదు. అందరూ ఆయన వైపు తిరిగారు. చేతికర్ర మీద గడ్డం ఆనించి, "అది నా సేత్తో ఇచ్చిందే" అన్నాడు. అందరికీ ఆ మాట చాలు. నాకైతే గుండె నిండిపోయింది.

పంచమి
నీటి మర: పదకొండు. పటం: బాగుంది.

ఇళ్ళు విప్పడం మొదలైంది. ముందు రేకులు, తర్వాత కరెంటిచ్చే ఎండపలకలు, చివరికి గుంజలు. ఒకసారి విప్పాక మళ్ళీ ఇక్కడ నిలబెట్టుకోవడానికి సగం కర్ర పనికిరాదు, లోపలంతా పురుగు.

తాటితిప్ప దారిని విడిగా గీసి ఇమ్మని దాలమ్మత్త అడిగింది. ఆమె ఈ తిప్పకి పెద్ద. నేను మొగుణ్ణి వదిలేసి పటం గొట్టం ఒక్కటే చంకలో పెట్టుకుని వచ్చిన రోజున, ఎందుకు వదిలేశావని అడక్కుండా చాప పరిచింది. పదకొండేళ్ళుగా ఆమె చూరు కిందే నా మకాం. అడిగింది గీసి ఇస్తానన్నాను.

ఈ పుస్తకం సంఘం దాటి పోదు గనక మా రహస్యం ఒకటి రాసుకోవచ్చు. మేం బయటివాళ్ళకిచ్చే ప్రతి నకల్లోనూ ఒక అబద్ధం పెడతాం. లేని పాయో, లేని దిబ్బో. ఒక్కో నకల్లో ఒక్కోటి. ఇసుక దొంగల చేతిలో పటం కనిపిస్తే అందులో ఉన్న అబద్ధాన్ని బట్టి అది ఎవరి ఇంటి నుంచి పోయిందో పట్టేస్తాం. మనిషి నడవని చోటే పెట్టాలని నియమం. మేం మాత్రం గుర్తు పట్టడానికి ఒక ఏర్పాటుంది. పర్ర నేలకి, అంటే ఉప్పు చిత్తడికి, గుర్తు గడ్డి కుచ్చు. నిజమైన చోట కుచ్చుకి ఐదు గీతలు, అబద్ధం చుట్టూ నాలుగు. నేనిప్పటి దాకా పదిహేడు నకళ్ళిచ్చాను. పదిహేడు అబద్ధాలూ నాకు కంఠతా వచ్చు.

అబద్ధం లేనిది ఒక్కటే ఉంటుంది, నిజపటం. అది గురువు నుంచి వారసుడికే అందుతుంది. నాది ఇచ్చేటప్పుడు పెదనాన్న నా తల మీద చెయ్యి పెట్టి, దీన్లో గీతలు లెక్కపెట్టక్కర్లేదన్నాడు. నేను ఏనాడూ లెక్కపెట్టలేదు. గురువిచ్చిన పటంలో గీతలు లెక్కపెట్టడమంటే అమ్మ వడ్డించిన అన్నంలో రాళ్ళు వెతకడమే.

సప్తమి
నీటి మర: తొమ్మిది.

బిందెల దగ్గర మొదటి పోట్లాట. బాలింతకి రెండు చెంబులు ఎక్కువ పోశానని ఒకామె నన్ను నానా మాటలూ అంది. పటందారువి పటం చూసుకో, బిందెలు నీకెందుకని. నిజమే, నాకెందుకు. అయినా పోశాను.

అష్టమి
నీటి మర: ఎనిమిది. పటం:

అష్టమి నాడు పోటు పెరగదు, ఆటు తగ్గదు. పడవలన్నీ బురదలో ఒరిగి పడుకున్నాయి. తీరిక దొరికింది కదా అని పొద్దున్నే తాటితిప్ప దారి గీయడానికి కూర్చున్నాను. ముందు తిప్ప అంచు, తర్వాత తాటిచెట్లు, బావి, ఆ తర్వాత చుట్టూ గడ్డి కుచ్చులు. నకలు గీసేటప్పుడు మా చెయ్యి పని చేస్తుంది, బుర్ర ఊరికే ఉంటుంది. మూడు కుచ్చులయ్యాక చూసుకుంటే నేను గీసిన వాటికి నాలుగేసి గీతలున్నాయి.

అలవాటు ప్రాణం మీదికి తెచ్చిందనుకున్నాను. దాలమ్మత్త నకల్లో పొరపాటున అబద్ధపు కుచ్చు గీసేశాననుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. సరిచేద్దామని పటం వైపు చూశాను.

పటంలోనూ నాలుగే.

పక్క కుచ్చు చూశాను. నాలుగు. దాని పక్కది. నాలుగు. పటమంతా పరిచి పొద్దు వాలే దాకా లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు కుచ్చులకి ఐదేసి గీతలు. తాటితిప్ప చుట్టూ ఉన్న పదకొండింటికి నాలుగేసి. అన్నీ పెదనాన్న చేతి గీతలే. చివర చిన్నగా ఎడమకి వాలుతాయి, ఎక్కడున్నా పోల్చుకుంటాను.

నాది నిజపటం కాదు. నాకూ నకలే ఇచ్చాడు.

నవమి
నీటి మర: ఏడు.

ఇంకేమీ రాయను. పక్కింటి రేకులు దించుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. వాళ్ళు నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను.

దశమి
నీటి మర: ఏడు.

దోనె వేసుకుని కంబాలతిప్ప వెళ్ళాను. నీళ్ళు చాలక సగం దారి లాక్కుంటూ నడిచాను. పెదనాన్న అరుగు మీద వల ముడులు తడుముకుంటున్నాడు. పటం గొట్టం అరుగు మీద పెట్టాను. ఆ చప్పుడుకే ఆయన చేతులు ఆగిపోయాయి.

"లెక్కెట్టావన్నమాట" అన్నాడు.

అడ్డంగా బుకాయిస్తాడేమో, అప్పుడు కడిగేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఎందుకు చేశావని మాత్రం అడగగలిగాను.

"నీకప్పుడు ఇరవై రెండేళ్ళు. నీ మొగుడు ఇసక దొంగల పడవ నడిపేవోడు. ఆడికి సూపిత్తావేమోనని బయపడ్డాను. ఓ యేడాది సూసి అసలుది ఇద్దారనుకున్నాను."

"ఆయన్ని వదిలేసి పదకొండేళ్ళయింది."

"అయింది. ప్రెతీ యేడూ అనుకునేవోణ్ణి. ఏ మొకం ఎట్టుకుని సెప్పను?"

తాటితిప్ప నిజంగానే ఉందట. ఉత్తరాన, పిల్లపాయ వెనకాల. దాన్ని అక్కడి నుంచి తీసి ఆగ్నేయం మూలకి జరిపాడు. ఆ మూలకి ఆ రోజుల్లో ఎవరు వెళ్తారులే అనుకున్నాడట. అసలు ఆ మూల ఉన్నది అడుగు దొరకని బురద. బిడ్డలతో, మేకలతో, ఇంటి రేకులతో పదమూడు పడవలు అమావాస్య పోటుకి మేట దాటి అక్కడికి చేరేవి. ఆటు మొదలయ్యాక వెనక్కి రావడానికి నీళ్ళుండవు.

మొగుడి పాపం నాకు అంటించాడే అని బాధ ఉంది. కానీ దాన్ని ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఇంకొకటి.

"మొన్న సభలో నా ఎదురుగానే కూర్చున్నావు. పసిబిడ్డల్ని పడవెక్కించండని నేను అంటుంటే విన్నావు. విని, నా చేత్తో ఇచ్చిందే అన్నావు. అప్పుడెందుకు చెప్పలేదు పెదనాన్నా?"

అమావాస్య లోపు కబురు పెడదామనుకున్నానన్నాడు. ఎవరితో పెట్టేవాడివని అడిగితే వల ముడి ఒకటి విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత, ఒక పటంలో అబద్ధం బయటపడితే తను యాభై ఏళ్ళుగా ఇచ్చిన ప్రతి పటాన్నీ అనుమానిస్తారని, ఈ వయసులో ఆ మాట పడలేనని గొణిగాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. నేను పదిహేనేళ్ళు నానబోశాను.

తడుముకుంటూ లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి వెదురు గొట్టం తెచ్చాడు. అందులో అసలు పటం. తీసి నాకివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేశాడు.

"తాటితిప్పని సముద్రం కోసేసిందని సెప్పు. పటంలో ఇంకో తావు దొరికిందని సెప్పు. ఎవుడూ అడగడు. నా పేరు రాకూడదమ్మా. ఆ మాటిత్తే ఇచ్చేత్తాను."

ముప్ఫై ఒక్క గడపల నీళ్ళు ఒళ్ళో పెట్టుకుని బేరం ఆడాడు. నేను సరేనన్నాను. ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం అది. పదిహేనేళ్ళు నన్ను నమ్మని మనిషి, తన అవసరం వచ్చేసరికి ఒక్క మాటకే నమ్మి గొట్టం నా చేతికిచ్చాడు.

ఏకాదశి
నీటి మర: ఆరు. పటం: రెండు పటాలు.

అసలు పటంలో ప్రతి కుచ్చూ లెక్కపెట్టాను. అన్నీ ఐదే. పిల్లపాయ వెనకాల తాటితిప్ప, పంతొమ్మిది అడుగులు, బావి.

సముద్రం కోసేసిందని చెప్తే నాకూ సుఖమే. నా మాట పోదు, ఆయన పరువు పోదు, జనం ఉత్తరానికి పోయి నీళ్ళు తాగుతారు. రోజంతా ఆ మాటని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. కానీ ఆయన గుట్టు నేను కాపాడటమేమిటని ఒళ్ళు మండింది. నిజం మీద ప్రేమతో చెప్పాలనుకున్నానని రాస్తే అది ఇంకో నాలుగు గీతల కుచ్చవుతుంది. కోపంతోనే చెప్పాలనుకున్నాను.

ద్వాదశి
నీటి మర: ఆరు.

చెప్పేశాను. దాలమ్మత్త ఇంటి కిందే, అందరి ముందూ. రెండు పటాలూ పక్కపక్కన పరిచి, గీతలు చూపించి, బంగారయ్య పేరు పెట్టి చెప్పాను. సంఘం రహస్యం బయటపెట్టాను కాబట్టి నన్ను వెలివేస్తారు, వెయ్యనీ.

మగవాళ్ళు ఇద్దరు కంబాలతిప్ప పోయి ముసలాణ్ణి బురదలో దింపి వస్తామని లేచారు. ఇంకొకామె నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే మా బిడ్డలేమయ్యేవాళ్ళని ఏడ్చింది. ఎంత మోసపోయావమ్మా అని అందరూ నా చుట్టూ చేరారు. నాకు చాలా హాయిగా అనిపించింది, దాచను.

దాలమ్మత్త మాత్రం లేవలేదు. రెండు పటాల వైపూ చూస్తూ కూర్చుంది. గోల సద్దుమణిగాక అడిగింది.

"బయటోళ్ళకిచ్చే నకళ్ళన్నిట్లో అబద్దం ఎడతారన్నావు గదా. మరి మాకిచ్చినదాన్లో ఏటెట్టావు?"

నత్తలతిప్ప దగ్గర పాయల ముక్కపటం ఒకటుంది. నేను ఇక్కడికొచ్చిన మూడో నెలలో గీసి ఆమె చేతికిచ్చాను. ఆమె చాప మీద పడుకుంటూ, ఆమె కూడు తింటూ గీశాను.

"కొంగలపాయ" అన్నాను. "అది లేదు."

దాలమ్మత్త గొంతు పెంచలేదు. అందరికీ వినపడేలా నన్ను మాత్రమే అడిగింది.

"మీ మావ ఆ పాయ ఎతుక్కుంటా ఎల్లి రెండు ఆట్లయ్యేదాకా బురదలో ఇరుక్కున్నాడు. సచ్చి బతికొచ్చాడు. నువ్వొచ్చి పక్కన కూకుని ఏటన్నావో గుర్తుందా?"

గుర్తుంది. దాలమ్మత్త మొగుడు సింహాచలం మావ ఈ తిప్పలో అందరికన్నా నీళ్ళు తెలిసినవాడు. పీతల కోసం ఆ వైపు పోతాడని నేను అనుకోలేదు. మనిషి నడవని చోటని నేను అనుకున్న చోటికి ఆయన నడిచాడు. ఒళ్ళంతా గుల్లలు కోసుకుపోయి వచ్చినవాడి పక్కన కూర్చుని నేను అన్నది, "సముద్రం పూడ్చేసుంటుంది మావా" అని.

"ఆ మాట ఆడు నమ్మలేదే" అంది దాలమ్మత్త. "పటంలో ఉంది, నాకే కనబళ్ళేదన్నాడు. నీళ్ళు నాకు కనబడ్డం మానేసినియ్యన్నాడు. మళ్ళీ పడవ తోలలేదు. మూడేళ్ళు గుమ్మంలో కూకుని పోయాడు. పటం తప్పని ఒక్క మాట సెప్పుంటే లేచి తిరిగేవోడు."

గురివింద గింజకి తన నలుపు తెలియదన్నది ఎవరినో అనడానికి వాడే మాట. నేను మాత్రం నా నలుపు తెలిసే తిరిగాను. పదిహేడూ కంఠతా వచ్చని గొప్పగా రాసుకున్నాను కూడా. పెదనాన్న మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, చచ్చేదాకా తగ్గదు. దాలమ్మత్తకి నా మీద ఎంత ఉండాలో దాన్ని బట్టే నాకు తెలుస్తోంది.

చతుర్దశి
నీటి మర: అయిదు.

నా మాట మీద ఎవరూ కదల్లేదు. దాలమ్మత్త తేలిక దోనెలో ఇద్దరిని పిల్లపాయ మీదుగా పంపింది, వాళ్ళు చూసి వచ్చారు. తిప్ప ఉంది. సగం కోసుకుపోయినా మిగతా సగం మెరకే. తాటిచెట్లు లేవు. బావి ఒరలు ఉన్నాయి గానీ లోపల ఇసుక నిండిపోయింది, తవ్వాలి. ఈ సంగతులన్నీ వాళ్ళు దాలమ్మత్తకి చెప్తుంటే పక్క గుంజ దగ్గర నిలబడి విన్నాను.

పదిహేడు నకళ్ళలో దేన్లో ఏ అబద్ధముందో విడివిడిగా కాగితాల మీద రాశాను. పడవ వచ్చినప్పుడల్లా ఆయా తిప్పలకి పంపాలి. మొదటిది పూర్తి చేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. లేని పాయ ఎక్కడుందో రాయడం తేలికే. ఎందుకు పెట్టానో రాయడం దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

అమావాస్య
పోటు: గుంజ మీద ఆరో గాటు. నీటి మర: నాలుగు.

పొద్దున పోటుకి పదమూడు పడవలూ కదిలాయి. అసలు పటం అడగక ముందే తీసుకెళ్ళి దాలమ్మత్త పడవలో పెట్టాను. ఆమె మూత తీసి పటం బయటికి లాగి, ముందు నాలుగు కుచ్చులకి గీతలు వేలితో లెక్కపెట్టుకుని, మళ్ళీ చుట్టి పెట్టుకుంది. అందరి సామాన్లూ ఎక్కాయి. నా పెట్టె గట్టు మీదే ఉంది. నేనెక్కుతానని అడగలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు. దాలమ్మత్త తెడ్డు వేస్తూ ఒకసారి ఇటు చూసింది.

"మర కట్టెయ్యకు. నీ ఒక్కదానికీ ఇంకో నెల వత్తాది" అంది.

కార్తీక శుద్ధ షష్ఠి
నీటి మర: ఒకటిన్నర.

పెదనాన్న కబురు పంపాడు. నా పేరు చెప్పావా అని. తెచ్చినవాడితో అవునని చెప్పి పంపించాను.

మధ్యాహ్నం ఉత్తరం నుంచి దోనె వచ్చింది. బావి తవ్వేశారట. మూడు నిలువుల లోతున ఊట పడిందట. పసిపిల్లలకి కడుపు నిండా పోస్తున్నారట. దోనె నడిపినామె నాకోసం ఒక బిందె దించింది, దాలమ్మత్త పంపిందని చెప్పింది. ఇంకేమైనా చెప్పమందా అని అడిగాను. ఏమీ చెప్పలేదంది.

ఆమె ఖాళీ బిందె కోసం చూస్తూ నిలబడింది. నీళ్ళు నా కుండలోకి ఒంపుకుని బిందె కడిగి ఇచ్చేశాను. దోనె మలుపు తిరిగాక కొన్ని తాగాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.